సమాధానం: "రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు" అనే అన్నయ్యకు ఏం చెప్పాలి?

"సిగరెట్ తాగనివాళ్లూ పోతున్నారు, రేపు నన్ను ఏ లారీయో గుద్దొచ్చు, మానేసి ఏం లాభం" అని మీ అన్నయ్య అంటున్నారని రాశారు కదా. లారీ మాట నిజమేనండి, కాదనకండి. కానీ సిగరెట్ తాగినంత మాత్రాన ఆ ప్రమాదం తగ్గదుగా, దానిమీద ఇంకోటి చేరుతుంది. బ్రిటన్‌లో 1951 నుంచి 50 ఏళ్లపాటు మగ డాక్టర్లనే గమనించిన అధ్యయనంలో, పొగ మాననివాళ్లు తాగనివాళ్లకంటే సగటున పదేళ్లు ముందే పోయారు, 50 ఏళ్ల వయసులో మానినవాళ్లకు అందులో ఆరేళ్లు దక్కాయి.

అయినా నన్నడిగితే చావు గురించి వాదించడం దండగ. ఊపిరితిత్తులు పాడైతే బతికున్నన్నాళ్లూ నాలుగు మెట్లకే ఆయాసం, ఆ సంగతి చెప్పండి. ఒట్టి పంతంతో మానడం కష్టం, నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ని అడగమనండి.