పరిశోధన, మూల్యాంకన రంగంలోకి రావాలంటే: ముందు ఊళ్లు తిరగండి

ఉస్మానియాలో ఎం.ఏ. ఎకనామిక్స్ చివరి ఏడాదిలో ఉన్నానని, ప్రభుత్వ పథకాలు, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాలు నిజంగా ఫలితమిస్తున్నాయో లేదో తేల్చే పనిలోకి రావాలని ఉందని రాశారు. పీహెచ్‌డీ తప్పదా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదవడం అడ్డవుతుందా అని అడిగారు. హైదరాబాద్‌లో నేను ఈ పని మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చిన్నదే. మూడోది తీరిగ్గా చెప్పాల్సింది.

మొదటి ఉద్యోగానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరడానికి ఎం.ఏ. చాలు. రెండు మూడేళ్లు పనిచేశాక కూడా చదవాలనిపిస్తే అప్పుడు వెళ్లండి. ఏ ప్రశ్న మీద అయిదేళ్లు కూర్చోవచ్చో అప్పటికి మీకే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ సంగతి: ఉద్యోగ ప్రకటనల్లో స్టాటా ఎక్కువగా కనిపిస్తుంది కానీ అది డబ్బు పెట్టి కొనాలి. ‘ఆర్’ ఉచితం. ముందు అది నేర్చుకోండి, ఒకటి వచ్చినవారికి రెండోది తొందరగానే పట్టుబడుతుంది.

సాధనకు డేటా కొనక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. నాలుగో విడత (2015-16), ఐదో విడత (2019-21) రెండూ తీసుకుని, తెలంగాణలో ఏ జిల్లాలో పిల్లల్లో రక్తహీనత ఎంత మారిందో చూడండి. మొదటి గంటలోనే ఆగిపోతారు. నాలుగో విడతలో ఉన్నవి 10 జిల్లాలు, ఐదో విడతలో 31. పోనీ, కొత్త జిల్లాలను పాతవాటిలో కలిపేద్దామంటే అదీ కుదరదు. సిద్దిపేటనే చూడండి: 2016లో మెదక్ నుంచి కొంత, కరీంనగర్ నుంచి కొంత, వరంగల్ నుంచి కొంత తీసి దాన్ని ఏర్పాటు చేశారు. ఈ చిక్కును మీరెలా విప్పారో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, పది ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్ల కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. ఉద్యోగానికి వచ్చినవారిని నేను అడిగేది కూడా ఇలాంటివే.

ఇక తెలుగు మాధ్యమం. అది అడ్డు కాదు, ఎందుకో నా అనుభవమే చెబుతాను. మాది కృష్ణా జిల్లా, పొలం కొలతంటే నాకు ఎకరాలు, సెంట్లు (ఎకరానికి వంద సెంట్లు). ఈ పనిలో చేరిన మూడో ఏడు నల్గొండ జిల్లాలో ఒక సాగునీటి కార్యక్రమానికి బేస్‌లైన్ సర్వే, అంటే కార్యక్రమం మొదలుకాకముందు పరిస్థితిని నమోదు చేసే సర్వే, చేశాం. ట్యాబ్‌ల నుంచి వచ్చిన డేటాలో భూమి 2.10, 1.30, 3.20 అని ఉంది. సగటు తీశాను, పట్టికలు వేశాను, నివేదిక దాదాపు పూర్తయింది. మా ఫీల్డ్ సూపర్‌వైజర్ అక్కడి రైతు కొడుకే. ఆ పట్టికలు చూసి, “సార్, చుక్క తర్వాత 39 దాటిన అంకె ఒక్కటైనా ఉందా?” అని అడిగాడు. వెతికాను, లేదు. అవి సెంట్లు కావు, గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. రెండెకరాల పది గుంటలను పహాణీలో (భూమి రికార్డులో) రాసినట్టే 2.10 అని కొట్టారు, నేను దాన్ని దశాంశంగా చదివాను. అసలు విస్తీర్ణం 2.25 ఎకరాలు. 1.30 అంటే ఒకటిముప్పావు. అందరి భూమినీ తగ్గించి చూపించే నివేదిక ఇంకో రెండు రోజుల్లో దాతల చేతికి వెళ్లేది. ఏ అర్థశాస్త్ర పాఠ్యపుస్తకమూ నాకు గుంటల గురించి చెప్పలేదు.

ప్రశ్నావళిలో ఇలాంటి గుంతలు చాలానే ఉంటాయి. సర్వేల్లో ఒక ఇల్లు అంటే కలిసి ఉంటూ ఒకే వంట తినేవారు. దాన్ని ఎవరో ‘కుటుంబం’ అని తర్జుమా చేస్తారు. మీ కుటుంబంలో ఎంతమంది అంటే, పెద్దావిడ అత్తారింటికి వెళ్లిన కూతుళ్లనూ దుబాయ్‌లో ఉన్న కొడుకునూ కలిపి లెక్క చెబుతుంది. “మీ పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఎంతమంది?” అని అడిగితే సరైన సంఖ్య వస్తుంది. ఈ తేడా పసిగట్టే చెవి మీకు ఇప్పటికే ఉంది. ఇంగ్లీషులో నివేదిక రాయడం ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఈ చెవి లేనివారు నేర్చుకోవడానికి పడే తంటాలు నేను చూస్తూనే ఉన్నాను, ఒకప్పుడు నేనూ పడ్డాను.

మూల్యాంకనం అసలు కిటుకు పోలికలో ఉంది. ఇక్కడి ఉదాహరణే తీసుకోండి. సూక్ష్మ రుణాలు పేదరికాన్ని తగ్గిస్తాయా అని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో పరీక్షించింది. లాటరీ పద్ధతిలో 52 బస్తీలను ఎంచుకుని ముందుగా అక్కడ రుణాలు మొదలుపెట్టించి, మిగతా బస్తీలతో పోల్చారు. రుణం తీసుకున్నవారిని తీసుకోనివారితో పోల్చి ఊరుకుంటే, చొరవ ఉన్నవారే అప్పుకు ముందుకొచ్చారేమో అన్న అనుమానం మిగిలిపోయేది. లాటరీ ఆ అనుమానాన్ని తీసేసింది. పదిహేను నుంచి పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కాస్త పెరిగింది కానీ, ఇళ్ల సగటు నెల ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఈ ఫలితాలపై వాళ్లు రాసిన పరిశోధన వ్యాసాన్ని పట్టికలతో సహా చదవండి. ప్రతి పట్టిక దగ్గరా ఆగి ఈ అంకె ఎవరి గుమ్మం దగ్గర, ఏ ప్రశ్నకు వచ్చింది అని అడుగుతూ చదవండి.

ఎక్కడ వెతకాలంటే, బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ వెబ్‌సైట్లలో ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు చూస్తూ ఉండండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలు కూడా చూడండి, అవే కుటుంబాల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల ఏం తెలుస్తుందో అర్థమవుతుంది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఈ ఉద్యోగాలు చాలావరకు ఆరు నెలలకో ఏడాదికో కాంట్రాక్టు. నేను మొదట చేరిన చోట ఫీల్డు ప్రయాణ ఖర్చులు నాలుగు నెలలు ఆలస్యంగా ఇచ్చారు, గది అద్దెకు అప్పు చేశాను. చేరే ముందే బస, ప్రయాణం, భోజనం ఎవరిదో, బిల్లు పెట్టిన ఎన్ని రోజులకు డబ్బు వస్తుందో మెయిల్‌లో రాయించుకోండి. రిజల్టు వచ్చేదాకా ఆగకుండా, ఈ ఎండాకాలం ఏదైనా సర్వేలో ఇన్వెస్టిగేటర్‌గా రెండు నెలలు చేరండి. ట్యాబ్ పట్టుకుని రోజుకు అయిదారు ఇళ్లు తిరగాలి, మధ్యాహ్నం పూట ఎవరూ దొరకరు, పొద్దున్నే బయలుదేరాలి.