ముందు బిడ్డ తల ఎక్కడుందో అడుగు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన మీ అత్తగారు ఉన్నారు, నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "పెద్దమ్మా, ఎంత ముక్కినా బిడ్డ రాకపోతే వ్యాక్యూమ్ పెట్టించుకోవాలా, ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా?" అన్నావు. 31 ఏళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసినదాన్ని, దీనికి రెండు ముక్కల్లో ఏదో ఒకటి చెప్పేయడం నాకు మనసొప్పలేదు. అందుకే రాస్తున్నాను. అల్లుడి చేత కూడా చదివించు.

వ్యాక్యూమ్ అంటే బిడ్డ తలకి కప్పులాంటిది అంటించి లాగేది, ఫోర్సెప్స్ అంటే పటకారులాంటి దానితో తలని రెండు పక్కలా పట్టి లాగేది. గర్భసంచి మూతి పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా ఈ రెండిటి మాటే రాదు. ఆరేడు సెంటీమీటర్ల దగ్గర కాన్పు ఆగిపోయి, మందు ఎక్కించినా కదలకపోతే ఆపరేషన్ ఒక్కటే దారి. నువ్వు అడిగిన చిక్కు మూతి మొత్తం తెరుచుకుని, నువ్వు ముక్కుతున్నప్పుడు వస్తుంది. తొలికాన్పులో ఆ దశ మూడు గంటల దాకా పట్టడం మామూలే. వెన్నులో నొప్పి తెలియకుండా మందు ఇస్తే ఇంకాస్త ఎక్కువ పట్టవచ్చు. బిడ్డ గుండె చప్పుడు బాగుండి, తల కొద్దికొద్దిగా దిగుతుంటే ఆ సమయం ఇవ్వాలి. గంట తిరక్కుండానే ఇంక కాదంటే, ఎందుకు కాదో అడుగు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, బిడ్డ తల ఎక్కడుంది అని. కటి ఎముకల్లో రెండు పక్కలా లోపలికి పొడుచుకొచ్చిన ముళ్లలాంటివి ఉంటాయి. తల ఆ వరుసకి వస్తే జీరో స్టేషన్ అంటారు, ఇంకా కిందికి దిగితే ప్లస్ వన్, ప్లస్ టూ. ప్లస్ టూ దాకా దిగిన తలని చెయ్యి తిరిగిన డాక్టరు వ్యాక్యూమ్‌తో కొన్ని నిమిషాల్లో బయటికి తెస్తారు. జీరో కంటే పైన, అంటే మైనస్‌లో ఉన్న తలకి పరికరం వేయనే కూడదు. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. గంటల తరబడి నొప్పులు పడితే బిడ్డ తల మీద చర్మం వాచి కిందికి జారుతుంది. లోపల వేళ్లు పెట్టి చూస్తే తల బాగా దిగినట్టే అనిపిస్తుంది, ఎముక మాత్రం పైనే ఉండిపోతుంది. అందుకే పొట్ట మీద కూడా చెయ్యి వేసి చూడాలి. తలలో ఐదో వంతు కంటే ఎక్కువ పైన చేతికి తగులుతుంటే అది ఇంకా దిగలేదన్నమాట. పొట్ట చూడకుండా పరికరం అందుకునే డాక్టరుని చూస్తే నాకు అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే.

తర్వాత అడగాల్సింది ఆ పరికరం పట్టుకునే చెయ్యి ఎవరిది అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకి పైగా సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81కి పైగా. ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట వ్యాక్యూమ్, ఫోర్సెప్స్ వేసే అలవాటు చేతులకి తగ్గిపోతుంది. కాబట్టి వచ్చే చెకప్‌లోనే అడుగు. మీ దగ్గర ఇవి వేస్తారా? రాత్రిపూట ఎవరుంటారు? మత్తు డాక్టర్ ఎంతసేపట్లో రాగలరు? "మాకు పెద్దగా అలవాటు లేదమ్మా" అని నిజం చెప్పిన డాక్టరుంటే నేను దణ్ణం పెడతాను. ఆవిడ చేతిలో నీకు ఆపరేషనే మేలు.

వ్యాక్యూమ్ పెట్టిన బిడ్డ తల మీద బుడిపె కనిపిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి ఎముక పొర కింద రక్తం చేరి, కరగడానికి వారాలు పడుతుంది, పసిరికలు కూడా రావచ్చు. అరుదుగా చర్మం కింద రక్తం విపరీతంగా చేరుతుంది, అది ప్రమాదం. మొదటి రోజంతా బిడ్డ తల చూస్తూ ఉండండి. వాపు చెవుల దాకా, మెడ దాకా పాకినా, బిడ్డ పాలిపోయినా, మందకొడిగా ఉన్నా వెంటనే పిల్లల డాక్టర్‌ని పిలవండి. ఫోర్సెప్స్ వ్యాక్యూమ్ కంటే ఎక్కువసార్లు పనిచేస్తుంది, కానీ తల్లికి మలద్వారం కండరం దాకా చీరుకునే ప్రమాదం ఎక్కువ. ఏది వేసినా ముందు మూత్రం తీసేయాలి, నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలి, తర్వాత ఒక డోసు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

మూడు లాగుళ్లకి తల కిందికి కదలకపోతే ఆపేయాలి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. వ్యాక్యూమ్ ఊడిందని ఫోర్సెప్స్ అందుకుంటే బిడ్డకి దెబ్బలు పెరుగుతాయి. పొట్ట మీద ఎక్కి నొక్కుతామంటే వద్దని చెప్పు, ఆ పని మా రోజుల్లో మామూలుగా చేసేవాళ్లం, తప్పు చేశాం.

అలాగని ఆ దశలో ఆపరేషన్ సుళువు అనుకోకు. ముందే రోజు చూసుకుని చేసే సిజేరియన్ వేరు, ఇది వేరు. తల కిందికి దిగి ఇరుక్కుని ఉంటుంది. కింది నుంచి ఒకరు తలని పైకి తోయాలి, లేదా కాళ్లు పట్టి తీయాలి, లేదా మన దేశపు డాక్టరు పట్వర్ధన్ చెప్పిన పద్ధతిలో ముందు భుజాలు తీసి చివర్న తల తీయాలి. గర్భసంచి కోత పక్కలకి చీరుకుని రక్తం ఎక్కువ పోవచ్చు. తర్వాతి కాన్పుల్లో మాయ ఆ పాత కోత మీద అతుక్కునే ప్రమాదమూ ఉంది. అయినా తల పైనుంటే, బిడ్డ ఎటు తిరిగి ఉందో సరిగ్గా తెలియకపోతే, అదే క్షేమమైన దారి.

నేను మరచిపోలేని కాన్పులు రెండున్నాయి. ఒకమ్మాయికి తల బాగా కిందికొచ్చింది, బిడ్డ గుండె నిమిషానికి 80కి పడిపోయింది. వ్యాక్యూమ్ పెడితే పిల్లాడి బుర్ర పాడవుతుందని ఇంట్లోవాళ్లు ఆపరేషన్ చేయమన్నారు, మళ్లీ సంతకానికి ఊర్లో పెద్దాయనకి ఫోన్ చేశారు. అలా నలభై నిమిషాలు పోయాయి. వాడు ఏడవలేదు, నేనే ఎత్తుకుని పిల్లల వార్డుకి పరిగెత్తాను. ఇంకోచోట, ఎలాగైనా నార్మలే కావాలని ఇంటివాళ్లు బతిమాలితే డాక్టరు ఆరుసార్లు లాగారు, చివరికి థియేటర్‌కే తీసుకెళ్లారు. ఆ రెండు ఇళ్లలోనూ బిడ్డ మీద ప్రేమే తప్ప ఇంకేం లేదు. ముందు ఏమీ మాట్లాడుకోకపోవడం వల్ల అలా జరిగింది.

కాబట్టి మీరు ఇప్పుడే మాట్లాడుకోండి. తల కిందుండి, వేసేవాళ్లకి అలవాటుండి, బిడ్డని త్వరగా బయటికి తీయాల్సి వస్తే వ్యాక్యూమ్‌కి సరే అను. ఈ మూడిట్లో మొదటి రెండిట్లో ఏది లేకపోయినా ఆపరేషన్‌కి సరే అను. "ఇది కుదరకపోతే తర్వాతేం చేస్తారు, థియేటర్ సిద్ధంగా ఉందా?" అని అల్లుణ్ణి ఒక్కసారి అడగమను. సంతకం నీది, నీ ఒళ్లు గురించి. మామగారు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదని ఆయనకి ముందే మర్యాదగా చెప్పి ఉంచండి. మీ అత్తగారికి నేను ఫోన్ చేస్తాను, నా మాట ఆవిడ వింటారు.

38వ వారం పెట్టగానే నేను బయలుదేరి వచ్చేస్తాను. సోమవారం చెకప్ నుంచి రాగానే ఫోన్ చెయ్యి. రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారో లేదో అడగడం మాత్రం మరచిపోకు.

నీ పెద్దమ్మ