చప్పట్లు తీసెయ్యి

చిరంజీవి అమ్మాయికి,

నీ రేడియో నాటకం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ చివరి రంగం దగ్గరే నాకు కోపం వచ్చింది. ఢిల్లీలో వేదిక, హాలంతా చప్పట్లు, అమ్మ మీద నాటకం రాసిన నీ కథానాయికకు ఆకాశవాణి వార్షిక అవార్డు. అనౌన్సర్ "లస్సా కౌల్ అవార్డు" అనగానే ఆమె ఏడుస్తుంది.

ఆ పేరు ఎవరిదో తెలుసుకునే రాశావా? లస్సా కౌల్ శ్రీనగర్ దూరదర్శన్ కేంద్రం డైరెక్టర్. 1990 ఫిబ్రవరి 13న మిలిటెంట్లు ఆయన్ని కాల్చి చంపారు. జాతీయ సమైక్యత మీద చేసిన కార్యక్రమాలకు ఆయన పేరుతో అవార్డు పెట్టారు. మన పనిలో ఉంటూ ప్రాణం పోగొట్టుకున్న మనిషి పేరమ్మా అది. తల్లీకూతుళ్ల కథకు చివర్లో మెరుపు కోసం వాడుకునే మాట కాదు.

ఇంకో సంగతి. "ఆమె ఎర్రచీర కట్టుకుని, కళ్లలో నీళ్లతో గుమ్మంలో నిలబడింది" అని రాశావు. వినేవాడికి ఆ చీర ఎక్కడ కనిపిస్తుంది? రేడియోలో గుమ్మం ఉందంటే తలుపు కిర్రుమనాలి, లేదా లోపల్నుంచి ఎవరో "అక్కడే నిలబడ్డావేం, లోపలికి రా" అనాలి.

ఇది నాకు ఎవరూ మెత్తగా నేర్పలేదు. నా మొదటి నాటకం మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి స్క్రిప్టు పట్టుకుని స్టేషన్‌కే వెళ్లాను. ప్రొడ్యూసర్ గారు కళ్లు మూసుకుని, "చదువు" అన్నారు. రెండు పేజీలయ్యాక, "గదిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియట్లేదు" అన్నారు. అంతే, కాగితాలు నా చేతిలో పెట్టేశారు. ఆ రాత్రి బస్సులో నిద్రపోలేదు. పక్కసీట్లో ముసలాయన దగ్గు, కండక్టర్ చిల్లర గలగల, రేకు మీద వాన. అన్నీ వింటూ కూర్చున్నాను. తర్వాత స్టూడియోలో చేటలో పెసలు అటూ ఇటూ దొర్లించి వాన కురిపించడం చూసినప్పుడు, రాయాల్సింది దీనికోసమని అర్థమైంది.

అదే నాటకాన్ని తర్వాత ఒక పత్రికకు ఇస్తే, సంపాదకుడు "వర్ణనలు లేవు" అని తనే రెండు పేరాలు కలిపి అచ్చు వేశాడు. నన్ను అడగనైనా లేదు. ఈ మాట చెప్తుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఇప్పుడు వింటున్న నాటకాల్లో ఇంకో జబ్బు: ప్రతి మాట కిందా సంగీతం. మనిషి మౌనంగా ఉంటే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడని వీళ్లకు టెన్షన్. నిజానికి అతను చెవి రిక్కించేది అప్పుడే.

నీ మూడో రంగంలో అమ్మ పచ్చడి నూరుతూ ఉంటుంది. కూతురు "నేను వెళ్లిపోతున్నా" అనగానే పొత్రం ఆగుతుంది. మాట లేదు. కాసేపటికి మళ్లీ నూరడం మొదలవుతుంది, ఈసారి నెమ్మదిగా. అక్కడ నేను చదవడం ఆపి కిటికీ దగ్గరికి వెళ్లాను.

అవార్డుకు ఎంట్రీ పంపే సంగతి అడిగావు. ముందు నాటకం ప్రసారం కావాలి. అవార్డుకు పంపేది స్టేషన్, నువ్వు కాదు. మిగతా ప్రశ్నలు ఇప్పుడొద్దు.

చివరి రంగం మొత్తం కొట్టెయ్యి. పొత్రం మళ్లీ కదిలిన చోటే నాటకం ముగించు. ఈసారి నాకు కాగితాలు పంపకు. మీ అమ్మగారి చేత నాటకంలో అమ్మ మాటలు చదివించి, ఫోన్‌లో రికార్డు చేసి పంపు. కళ్లు మూసుకుని వింటాను.