అడవిలో గడిపిన రాత్రి కంటే ఇంటికొచ్చిన పొద్దు ముఖ్యం

ప్రశ్న ఇదీ: "మా అబ్బాయికి పద్నాలుగేళ్లు నిండాయి. ఇక చిన్నపిల్లాడు కాదని వాడికి తెలిసేలా ఏదైనా చేయాలనుకుంటున్నాం. మూడు రోజుల అడవి క్యాంపుకు పంపితే సరిపోతుందా?"

సరిపోదు. పంపండి, మంచిదే. కానీ ఆ మూడు రోజులు ఈ పనిలో పదో వంతు కూడా కాదు. ఆర్నాల్డ్ వాన్ గెనెప్ అనే పరిశోధకుడు ఎన్నో జాతుల్లోని ఇలాంటి తంతులను పోల్చి చూసి, వాటిలో మూడు అంచెలు కనిపిస్తాయని 1909లో చెప్పాడు: ఉన్నచోటు నుంచి విడిపోవడం, ఇటూ అటూ కాని నడిమి కాలం, కొత్త హోదాతో తిరిగొచ్చి కలవడం. క్యాంపువాళ్లు చేయగలిగేది మొదటి రెండే. మూడోది ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది, చెడిపోయేది కూడా అక్కడే.

ఎలా చెడుతుందో చెప్తాను. క్యాంపులో భాగంగా కుర్రాడు ఒక రాత్రంతా చెట్టు కింద ఒంటరిగా కూర్చున్నాడు. భయపడ్డాడు, తెల్లవారుజామున ఆ భయం దానంతటదే తగ్గడం కూడా చూశాడు. మర్నాడు బస్సు దిగి ఇంటికొస్తాడు. గుమ్మంలోనే అమ్మ "అయ్యో, ఎంత పీక్కుపోయావురా, ముందు స్నానం చెయ్" అంటుంది. నాన్న "బాగా జరిగిందా? సరే, రేపటి టెస్టుకు ఏమైనా చదివావా?" అంటాడు. చెల్లి ఫోన్ తెచ్చి చేతిలో పెడుతుంది. పావుగంటలో వాడు వెళ్లకముందు ఎక్కడున్నాడో అక్కడికే వచ్చేస్తాడు. తను చూసింది ఎవరికీ అక్కర్లేదని వాడికి అర్థమైపోతుంది. సాయంత్రం ఎవరైనా అడిగితే "ఏముంది, బానే ఉంది" అంటాడు. ఆ మాట అన్నాక ఇక నోరు విప్పడు. ఇంట్లో ఎవరికీ దురుద్దేశం లేదు, ప్రేమతోనే పాడుచేశారు.

కాబట్టి ముందు ఆ పొద్దుకు సిద్ధమవ్వండి. వాడు ఇంటికి రాకముందే, దారిలోనో క్యాంపు దగ్గరో, నలుగురైదుగురు పెద్దవాళ్లు వాడిని కలవాలి. అందరూ ఒకే ఎత్తులో గుండ్రంగా కూర్చోవాలి. పెద్దలు కుర్చీల్లో, వాడు కింద అన్నట్టు ఉండకూడదు. ముందు వాడు మాట్లాడతాడు. మధ్యలో ఎవరూ ప్రశ్న వేయకూడదు, నవ్వకూడదు, "నా చిన్నప్పుడైతే" అని అందుకోకూడదు. రెండు నిమిషాల్లో ఆగిపోతే ఇంకో రెండు నిమిషాలు అందరూ మౌనంగా ఉండండి. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. వాడు ముగించాక ఒక్కొక్కరూ ఒకే ఒక్క సంగతి చెప్పాలి: వాడు చేయగా తాము కళ్లారా చూసిన పని. "నువ్వు చాలా ధైర్యవంతుడివి" అనేది పనికిరాదు. "నీ పక్కనున్న కుర్రాడి సంచి తెగితే అడక్కుండానే సగం బరువు నువ్వు మోశావు" అనాలి. సలహాలు వద్దు. ఇక్కడ తప్పటడుగు వేసేది తండ్రే, గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతాడు. తండ్రికి చివరి వంతు ఇచ్చి, మూడు వాక్యాలకు మించకూడదని ముందే చెప్పి ఉంచండి.

ఇక రాత్రి సంగతి. ఒంటరి రాత్రి అంటే పిల్లాడిని వదిలేయడం కాదు. సూర్యాస్తమయానికి గంట ముందు కూర్చోబెట్టి, తెల్లారిన గంటకు లేపాలి. పెద్దవాళ్ల మకాం నుంచి నూరు, నూటయాభై మీటర్లు దాటకూడదు. మెడలో ఈల ఉండాలి, మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం. పగటి వెలుతురులోనే ఒకసారి ఊదించి, మకాం దాకా వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. పెద్దవాళ్లు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా మేలుకుని, గంటకోసారి దూరం నుంచి చూసి రావాలి. ఎప్పుడూ ఇద్దరు, ఒక్కరు కాదు. కూర్చునే చోటు వాగు ఒడ్డున గానీ, ఎండిన వాగులో గానీ, ఎండుకొమ్మలున్న చెట్టు కింద గానీ ఉండకూడదు. పిడుగుల సూచన ఉంటే ఆ రాత్రికి మానేయాలి, మరో మాట లేదు.

నీళ్లు కనీసం మూడు లీటర్లు. దక్షిణాఫ్రికాలో షోసా తెగవాళ్లు కుర్రాళ్లకు సున్తీ చేసి మగవాళ్ల కింద లెక్కకట్టే దీక్షా శిబిరాల్లో నీళ్లివ్వకుండా ఉంచడం వల్ల ఒంట్లో నీరింకి కుర్రాళ్లు చనిపోయిన సందర్భాలున్నాయి. సున్తీ పుళ్లు చీము పట్టి పోయినవాళ్లూ ఉన్నారు. ఆ దేశం 2021లో ఇలాంటి శిబిరాల కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. దాహంతో మాడ్చితే మగతనం వస్తుందనే వాళ్ల దగ్గరకు మీ పిల్లాడిని పంపకండి. షుగర్, మూర్ఛ ఉన్న పిల్లలతో ఉపవాసం చేయించకూడదు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ సంచిలో కాదు, జేబులో ఉండాలి. అందరూ మరిచిపోయేది పొడి చొక్కా. పగలు నడిచి చెమట పట్టిన నూలు చొక్కాతోనే కూర్చుంటే తెల్లవారుజామున వణుకు మొదలవుతుంది. ఒంటి వేడి బాగా తగ్గేది ఆ వేళకే. వాడు దాన్ని భయమనుకుని తనమీద తనే నమ్మకం పోగొట్టుకుంటాడు. నిద్రపడితే పోనివ్వండి. మధ్యలో ఈల ఊది వచ్చేస్తే అది ఓటమి కాదని ముందే చెప్పండి, వచ్చాక కూడా అదే మాట మీద నిలబడండి.

ఫోన్ లాక్కోకూడదు. వాడే స్విచాఫ్ చేసి, వాడి చేత్తో అమ్మ చేతిలో పెట్టాలి. విడిపోవడమనే అంచె అంతా ఆ ఒక్క పనిలో ఉంది. ఆ తర్వాత "తిన్నాడా" అని క్యాంపుకు ఫోన్ చేస్తే ఆ అంచె అక్కడే తెగిపోతుంది.

ఇంట్లో మార్పు కనపడాలి. ఇంటికొచ్చిన వారంలోపు మూడు జరగాలి: ఒక బాధ్యత, ఒక స్వేచ్ఛ, ఇంటి విషయాలు మాట్లాడేటప్పుడు ఒక చోటు. బాధ్యత ఎలాంటిదంటే వాడు మరిస్తే ఇంకొకరికి ఇబ్బంది కలగాలి. తన గది తను ఊడ్చుకోవడం దీనికి రాదు. నెలనెలా కరెంటు బిల్లు గడువులోపు కట్టడం వస్తుంది, నాయనమ్మ మందులు అయిపోకముందే తెచ్చిపెట్టడం వస్తుంది. మందుల విషయంలో మొదటి రెండు నెలలూ అదనంగా వారానికి సరిపడా ఇంట్లో ఉంచుకోండి, ఆ సంగతి వాడికి చెప్పక్కర్లేదు. బిల్లు మాత్రం మరిచాడంటే మరవనివ్వండి. అపరాధ రుసుము వాడి పాకెట్ మనీ నుంచే కట్టించండి. ఆరు వారాల పాటు ఎవరూ గుర్తుచేయకూడదు. సాధారణంగా మూడో వారంలో అమ్మ ఓపిక నశించి ఆ పని తనే చేసేస్తుంది. దాంతో "నీ మీద మాకు నమ్మకం లేదు" అని చెప్పినట్టే, ఎంత చల్లగా చెప్పినా సరే.

అన్నిటికంటే దొరకడం కష్టమైంది పెద్దదిక్కు. తండ్రి కాకుండా ఇంకో మగమనిషి కావాలి. మామయ్యో, బాబాయో, కోచో, ఎవరైనా సరే. తండ్రి మాటకు విలువ లేక కాదు. ఆ వయసులో పిల్లాడు తండ్రిని కాదనడం నేర్చుకుంటున్నాడు, ఆ పని చేస్తూనే ఆయన దగ్గర సలహా ఎలా తీసుకుంటాడు? వారంలో ఒకే రోజు, ఒకే వేళ, గంటన్నర. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏంటి సంగతులు" అంటే ఏమీ రాదు. పక్కపక్కన పని చేస్తూ మాట్లాడాలి: సైకిల్ చెయిన్ విప్పుతూనో, గోడకు రంగు వేస్తూనో. చూపులు కలపక్కర్లేనప్పుడే కుర్రాళ్లు నోరు విప్పుతారు. "ఎందుకు చేశావు" అనడగితే వాదించుకుంటాడు, "తర్వాత ఏం చేశావు" అనడగితే చెప్తాడు. వాడు చెప్పింది తండ్రికి చేరవేయకూడదు. అయితే తనకు తాను హాని చేసుకోవడం, ఎవరైనా వాడిని హింసించడం, మత్తుమందులు, ఈ మూడూ మాత్రం దాచనని మొదటి రోజే వాడికి చెప్పాలి. కలుసుకునేది ఎప్పుడూ నలుగురూ చూడగలిగే చోటే. "ఇది మనిద్దరి రహస్యం, ఇంట్లో చెప్పకు" అనే పెద్దమనిషి ఎంత గొప్పవాడైనా ఆ రోజే ఆపేయండి.

ఏడాది ఉండలేనివాడు అసలు మొదలుపెట్టకూడదు. అమెరికాలో పిల్లలకు పెద్దవాళ్లను జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమం మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. ఏడాది, ఆపైన సాగిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమమీద తమకున్న గౌరవం తగ్గింది. ఉత్సాహంగా వచ్చి మాయమయ్యేవాడు లేనివాడికంటే ఎక్కువ చెరుపు చేస్తాడు.

పెద్దలు ఈ పని చేయకపోతే ఏమవుతుంది? కుర్రాళ్లు తమలో తామే చేసుకుంటారు. హాస్టళ్లలో ర్యాగింగ్ అంటే అదే: విడదీయడం ఉంది, అవమానపరిచే నడిమి కాలం ఉంది, కానీ చేయించేది పందొమ్మిదేళ్లవాడు. వాడినే ఎవరూ అటు దాటించలేదు, ఇంకొకడిని ఎలా దాటిస్తాడు? దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ పార్కులో పెద్దల్లేకుండా పెరిగిన కుర్ర మగ ఏనుగులకు మదం ముందుగా ఎక్కి, 1992-97 మధ్య నలభైకి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపేశాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలారు. కుర్ర ఏనుగుల మదం తగ్గింది, ఆ చంపడమూ ఆగిపోయింది. మనుషులు ఏనుగులు కారనే వాళ్లుంటారు. నా దృష్టిలో ఈ విషయంలో తేడా పెద్దగా లేదు.

క్యాంపు తేదీ ఖరారు చేసేముందు ఆ పెద్దదిక్కు ఎవరో తేల్చుకోండి. ఆయన కనీసం ఎనిమిది వారాలు వాడితో కలిసి గడిపాకే వాడిని అడవికి పంపండి. తిరిగొచ్చిన రోజు ఎదురుగా నిలబడేది ఆయనే కావాలి. ఇంకా దొరక్కపోతే క్యాంపును ఆర్నెల్లు వెనక్కి జరపండి.