ఇంగ్లీష్‌లో కారణం, ఫలితం చెప్పాలంటే బికాజ్, సో తప్ప ఇంకేం వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆఫీసు మెయిల్స్‌లో, రిపోర్టుల్లో ప్రతి లైనుకీ బికాజ్ అనో సో అనో రాసేస్తున్నారు, లీడ్ టు, రిజల్ట్ ఇన్, డ్యూ టు లాంటివి చదివినప్పుడు అర్థమవుతున్నాయి గానీ రాసేటప్పుడు చేతికి రావట్లేదు, వాటి లిస్టు ఎక్కడైనా ఉంటే చెప్పమంటున్నారు. నేను చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో ఉన్నా, మా పనిలో పెద్ద భాగం ఇదే, ఏదైనా సర్వీస్ ఆగిపోతే ఎందుకు ఆగింది, దానివల్ల ఏమేం దెబ్బతిన్నాయి అని క్లయింట్‌కి ఇంగ్లీష్‌లో రాసి పంపాలి, టీమ్‌లో వాళ్లు రాసినవి పంపేముందు నేను చూస్తా. ఆ అనుభవంతో చెప్తున్నా, దయచేసి లిస్టు బట్టీ పట్టకండి. లిస్టుల్లో ఇవన్నీ ఒకదానికొకటి పర్యాయపదాల్లా పక్కపక్కనే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే వస్తుంది.

ముందు ఏది కారణమో, ఏది ఫలితమో వాక్యంలో ఎటు వైపు వస్తుందో చూడాలి. కాజ్, లీడ్ టు, రిజల్ట్ ఇన్, ట్రిగ్గర్, బ్రింగ్ అబౌట్, గివ్ రైజ్ టు, వీటన్నిట్లో కారణం ముందు, ఫలితం తర్వాత. రిజల్ట్ ఫ్రమ్, స్టెమ్ ఫ్రమ్, అరైజ్ ఫ్రమ్, వాజ్ కాజ్డ్ బై, వాజ్ డ్యూ టు, వీటిల్లో తిరగబడుతుంది, ఫలితం ముందొచ్చి కారణం వెనకాల వస్తుంది. మొన్నామధ్య మా టీమ్‌లో ఒకబ్బాయి రాసిన రిపోర్టులో 'ద అవుటేజ్ రిజల్టెడ్ ఇన్ ఎ ఫుల్ డిస్క్' అని ఉంది. అసలు జరిగిందేంటంటే లాగ్ ఫైళ్లు, అంటే సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే ఫైళ్లు, పేరుకుపోయి డిస్క్ నిండిపోయింది, దాంతో సర్వీస్ ఆగిపోయింది. కానీ ఆ లైను చదివితే సర్వీస్ ఆగిపోవడం వల్ల డిస్క్ నిండిందని వస్తోంది! గ్రామర్ చెకర్ దీన్ని పట్టుకునే అవకాశం తక్కువ, ఎందుకంటే గ్రామర్ పరంగా ఆ వాక్యంలో తప్పేం లేదు, స్పెల్లింగ్ కూడా కరెక్టే, చదివేవాళ్లకి మాత్రం కథంతా తలకిందులుగా వెళ్తుంది. ఇన్ తీసేసి ఫ్రమ్ పెడితే సరిపోయింది.

దీనికి మనకి తెలుగులోనే మంచి పరీక్ష ఉంది. వాక్యం రాశాక రెండు వైపులా ఉన్నవాటికి 'వల్ల' తగిలించి చూడండి. డిస్క్ నిండడం వల్ల అంటే సరిగ్గా కుదిరింది, కాబట్టి అది కారణం, ఇప్పుడు ఇంగ్లీష్ వాక్యంలో అది ఉండాల్సిన వైపే ఉందా లేదా చూసుకోవడమే. మా టీమ్‌లో కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

దట్స్ వై, దట్స్ బికాజ్ దగ్గర కూడా ఇదే గొడవ. దట్స్ వై తర్వాత ఫలితం వస్తుంది, మనం 'అందుకే' అన్నట్టు: 'ద డిస్క్ వాజ్ ఫుల్. దట్స్ వై ద సర్వీస్ స్టాప్డ్.' దట్స్ బికాజ్ తర్వాత కారణం వస్తుంది: 'ద సర్వీస్ స్టాప్డ్. దట్స్ బికాజ్ ద డిస్క్ వాజ్ ఫుల్.' యాజ్ ఎ రిజల్ట్ అంటే 'దాంతో' అని, దాని తర్వాత ఫలితం చెప్తాం, అదే యాజ్ ఎ రిజల్ట్ ఆఫ్ అంటే వెంటనే కారణం చెప్పాలి. ఒక్క ఆఫ్ తేడా, అంతే.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటుంది, ఎంత గట్టిగా చెప్తున్నాం అనేది. 'ద అప్‌డేట్ కాజ్డ్ ద ఫెయిల్యూర్' అంటే అప్‌డేటే కారణం, మాకు ఖాయంగా తెలుసు అని చెప్పినట్టే. అప్‌డేట్ కూడా ఒక కారణం, ఇంకా వేరేవి కూడా ఉన్నాయి అంటే 'కాంట్రిబ్యూటెడ్ టు' వాడాలి. ఇంకా తేలలేదు, అనుమానం మాత్రమే అంటే 'మే హావ్ కాజ్డ్' గానీ 'అపియర్స్ టు హావ్ బీన్ కాజ్డ్ బై' గానీ. రెండూ ఒకే టైంలో కనిపించాయి, ఒకదానివల్లే ఇంకోటి వచ్చిందని చెప్పలేం అంటే 'ఈజ్ అసోసియేటెడ్ విత్' లేదా 'ఈజ్ లింక్డ్ టు'. ఆరోగ్యం వార్తల్లో ఈ లింక్డ్ టు తరచూ కనిపిస్తుంది, దాన్ని చాలామంది కాజ్ అని చదివేసి భయపడిపోతారు. లాగ్స్ ఇంకా చూడకుండానే కాజ్డ్ అని రాసి పంపేస్తే రేపు వేరే కారణం బయటపడినప్పుడు మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది, అందుకే మా దగ్గర దర్యాప్తు అయ్యేదాకా ఆ పదం వాడనివ్వను.

కాజ్ గురించి ఇంకో మాట. డిక్షనరీలో చూస్తే కారణం అవ్వడం అని మామూలుగానే ఉంటుంది కానీ వాడుకలో దీని వెనకాల ఎక్కువగా చెడ్డవే వస్తాయి, ప్రాబ్లమ్, డామేజ్, డిలే, పెయిన్, యాక్సిడెంట్. మైఖేల్ స్టబ్స్ అనే భాషాశాస్త్రవేత్త 1995లో కంప్యూటర్‌లో ఉన్న భారీ ఇంగ్లీష్ రాతల సేకరణని తిరగేసి ఈ విషయమే చూపించాడు. అందుకే 'ద ట్రైనింగ్ కాజ్డ్ గ్రేట్ ఇంప్రూవ్‌మెంట్' అంటే చెవికి ఎక్కడో తేడాగా తగులుతుంది. మంచి మార్పు అయితే లెడ్ టు అనండి, బ్రాట్ అబౌట్ అనండి, హాయిగా ఉంటుంది. థాంక్స్ టు కూడా మామూలుగా మంచికే.

వాక్యం కట్టేటప్పుడు వచ్చే చిక్కులు త్వరగా చెప్పేస్తా. బికాజ్ తర్వాత పూర్తి వాక్యం, బికాజ్ ఆఫ్ తర్వాత నామవాచకం. డ్యూ టు కూడా నామవాచకంతోనే, డ్యూ టు ద డిస్క్ వాజ్ ఫుల్ అనకూడదు. లీడ్ టు లో ఉన్న టు తర్వాత క్రియ రావాలంటే ఇంగ్ చేర్చాలి, లెడ్ టు లూజింగ్ డేటా, లెడ్ టు లూజ్ కాదు. కాజ్ తర్వాత దట్ రాదు, 'కాజ్డ్ ద సర్వీస్ టు స్టాప్' అని ఎవరు, ఏం చెయ్యడానికి అనే వరసలో రాయాలి. మేక్ అయితే మధ్యలో టు ఉండదు, మేడ్ మీ వెయిట్, కానీ పాసివ్‌లోకి మారిస్తే టు మళ్లీ వచ్చేస్తుంది, ఐ వాజ్ మేడ్ టు వెయిట్. మేడ్ మీ టు వెయిట్ అనేది మనవాళ్ల దగ్గర రోజూ వింటా. ఇక బికాజ్‌తో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో మళ్లీ సో పెట్టకండి. మనం తెలుగులో 'ఎందుకంటే', 'కాబట్టి' రెండూ వేసి మాట్లాడేస్తాం గానీ ఇంగ్లీష్‌లో ఒక్కటే చాలు.

కామా పెట్టి కాజింగ్ అని కలిపే పద్ధతి నేర్చుకోండి, రిపోర్టులకి బాగా పనికొస్తుంది: 'ద డిస్క్ ఫిల్డ్ అప్, కాజింగ్ ద సర్వీస్ టు స్టాప్.' రెండు చిన్న వాక్యాలు ఒకటైపోతాయి, బికాజ్ అవసరమే రాదు.

సిన్స్ ఒక్కదాని దగ్గర జాగ్రత్తగా ఉండండి. 'సిన్స్ ద అప్‌డేట్ వాజ్ ఇన్‌స్టాల్డ్, యూజర్స్ హావ్ బీన్ అనేబుల్ టు లాగిన్' అంటే అప్‌డేట్ చేసినప్పటినుంచా, అప్‌డేట్ చేసినందువల్లా? రెండు రకాలుగానూ చదవొచ్చు. యాజ్‌తో కూడా ఇదే ఇబ్బంది. ఇలాంటి చోట మీరు విసిగిపోయిన ఆ బికాజే అన్నిటికన్నా మంచిది, కాబట్టి బికాజ్ ఉన్న ప్రతి లైనూ మార్చాలని పెట్టుకోకండి. మీ మెయిల్స్‌లోంచి పేర్లు, కంపెనీ వివరాలు తీసేసి రెండు మూడు లైన్లు కింద కామెంట్‌లో పెట్టండి, ఎక్కడ ఏది నప్పుతుందో చూసి చెప్తా.