తల్లికి క్యాన్సర్ అని అబ్బాయికి చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. నా భార్యకు 42 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మూడు వారాలకోసారి విశాఖ తీసుకెళ్లి కీమో చేయిస్తున్నాం. మా అబ్బాయికి 16 ఏళ్లు, అమలాపురంలో ఇంటర్ మొదటి సంవత్సరం. వాడికి 'గడ్డ తీశారు, తగ్గిపోతుంది' అని మాత్రమే చెప్పాం. తల్లికి జుట్టు ఊడిన దగ్గర్నుంచీ వాడు ఆ గది గడప తొక్కడం లేదు. పలకరిస్తే విసుక్కుంటాడు. ఎప్పుడూ ఫోనే. 'తల్లి అలా ఉంటే వీడికి చీమ కుట్టినట్టయినా లేదు' అంటోంది మా అక్క. అసలు విషయం చెప్పాలా? వైద్యం అయ్యేదాకా హాస్టల్లో వేస్తే మంచిదా?
- ఓ తండ్రి, కోనసీమ

జవాబు: మీ అబ్బాయికి విషయం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుందండీ. ఆసుపత్రి ఫైలు ఇంట్లోనే ఉంటుంది కదా. దాని మీద 'ఆంకాలజీ' (క్యాన్సర్ వైద్య విభాగం) అన్న మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లాడికి దాని అర్థం ఫోన్లో చూసుకోవడానికి నిమిషం చాలు. అక్కడ ముందుగా కంటబడేది భయపెట్టే సమాచారమే. మీరు చెప్పలేదు కాబట్టి, తెలిసిందన్న సంగతి వాడూ మీతో అనలేడు. ముగ్గురికీ తెలిసిన విషయాన్ని ముగ్గురూ దాచుకుంటున్నారు. ఆ విసుగులో చాలావరకు ఇక్కణ్ణుంచే వస్తోందని నాకనిపిస్తోంది.

గడప దగ్గర ఆగిపోవడం ప్రేమ లేక కాదు. లోపలికెళ్తే ఏడుపు ఆగదేమోనని ఈ వయసు మగపిల్లలకు భయం. మీ అక్కగారికి మీరే నచ్చజెప్పండి. ఆ మాట వాడి చెవిన మళ్లీ పడకూడదు. చూడవచ్చిన చుట్టాలు 'ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వే' అంటుంటారు, దాన్నీ ఆపండి. మంచి మనసుతో అన్నా సరే, వాడి వయసుకు అది మోయలేని బరువు.

చెప్పండి, ఈ వారమే. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. బండి మీద కాలేజీకి దింపేటప్పుడో, దింపు తీత (కొబ్బరికాయలు దించడం) అయ్యాక తోటలో మీరిద్దరే ఉన్నప్పుడో మొదలుపెట్టండి. 'అమ్మకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్లో గడ్డ తీసేశారు. కంటికి కనబడని కణాలేమైనా మిగిలుంటే అవీ పోవాలని కీమో ఇస్తున్నారు' అంటే చాలు. క్యాన్సర్ అన్న మాట మింగేయకుండా పలకండి. జుట్టు ఊడటం జబ్బు ముదిరినందుకు కాదని తప్పకుండా చెప్పండి. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నింటి మీదా పనిచేస్తుంది, జుట్టు కుదుళ్లూ అలాంటివే. వైద్యం పూర్తయ్యాక మళ్లీ మొలుస్తుంది. చాలామంది పిల్లలు ఈ ఒక్కటి తెలియకే హడలిపోతారు.

'అమ్మ చనిపోతుందా?' అని అడగవచ్చు. 'ఛ, అవేం మాటలు' అని నోరు మూయించకండి. అలాగని ఏమీ కాదని ఒట్టు వేయకండి. 'తగ్గించాలనే డాక్టర్లు వైద్యం చేస్తున్నారు. ఏదైనా మారితే నీ దగ్గర దాచను' అనండి. నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే. తను సతాయించడం వల్లే వచ్చిందేమోనని లోలోపల కుమిలిపోయే పిల్లలుంటారు. వాడు అడగకపోయినా, నీ వల్ల కాదని, అంటుకునేది కాదని చెప్పండి. ఇక వంశపారంపర్యం సంగతి. రొమ్ము క్యాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి నూటికి సుమారు 5 నుంచి 10. మీ భార్యకు 50 ఏళ్లలోపే వచ్చింది కనుక జన్యుపరీక్ష అవసరమేమో మీ ఆంకాలజిస్టునే అడగండి.

వాడికి ఒక చిన్న పని అప్పజెప్పండి. కీమో తర్వాత రెండో వారంలో సాధారణంగా తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. ఆ రోజుల్లో పొద్దున, సాయంత్రం వాళ్లమ్మ నోట్లో థర్మామీటర్ పెట్టి అంకె పుస్తకంలో రాయమనండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ వచ్చిందంటే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ మీరు చేయాలి, వాడు అంకె చెబితే చాలు. ఆ వంకన రోజుకు రెండుసార్లు గదిలోకి వెళ్తాడు. తలమీద గుడ్డ లేకుండా కనిపించాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ ఇష్టానికే వదిలేయండి.

సాయంత్రం క్రికెట్ మాన్పించకండి. ఇంట్లో ఇలా ఉంటే ఆటలేంటని ఎవరన్నా అన్నా పట్టించుకోవద్దు.

హాస్టల్ వద్దు. ఇప్పుడు పంపిస్తే ఇంకా ఏదో దాస్తున్నారనే అనుకుంటాడు. తనంతట తాను వెళ్తానంటే ఆలోచించండి. మీరు విశాఖ వెళ్లే రోజుల్లో ఎవరింట్లో ఉండాలో వాడినే అడిగి ముందే తేల్చండి. వాడు సరేనంటే కాలేజీలో ఒక్క లెక్చరర్‌కు విషయం చెప్పి ఉంచండి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, స్నేహితులను కూడా వదిలేసినా సైకియాట్రిస్టుకు చూపించండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా వాడి నోట వస్తే ఒంటరిగా వదలకండి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. పరీక్షలయ్యాక చూద్దామనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.