పాలు, గుడ్లు తగ్గించకండి, జూన్ ఫీజు సంగతి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు ఎలక్ట్రీషియన్, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 35,000 వస్తుంది. ఆదాయం 3,000 పెరిగినా చేతిలో ఏమీ మిగలడం లేదు. లెక్క పంపుతున్నాను. పిల్లలిద్దరికీ పాలు, గుడ్లు తగ్గించమంటారా?

జవాబు: వద్దమ్మా, వాటి జోలికి వెళ్లకండి. తిండికి మీరు పెడుతున్నది 15,750, ఖర్చులో దాదాపు 45 శాతం. ఇది దుబారా కాదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తిండి వాటా పట్టణాల్లో దాదాపు 40 శాతం, పల్లెల్లో 47. సంపాదన తక్కువైన కొద్దీ ఈ వాటా పెరుగుతుంది, ధరల దెబ్బా అంత గట్టిగా తగులుతుంది. 2024 అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.2 శాతం అన్నారు. కూరగాయలు మాత్రం ఏడాదిలో 42 శాతం పెరిగాయి. అంతకు నెల ముందే ముడి వంటనూనెలపై దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. మనం వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. 2025 మేలో 16.5కి తగ్గించారనుకోండి. పెరిగిన మీ 3,000 ఎక్కువగా ఇలాంటి వాటికే పోయి ఉంటుంది. తప్పు మీది కాదు.

మీ లెక్కలో 26 కిలోల బియ్యం బస్తా, 1,500 అని ఉంది. రేషన్ కార్డు ఉందా? తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. నలుగురికి నెలకు 24 కిలోలు, అంటే బస్తా కొనాల్సిన పని దాదాపు ఉండదు. కార్డు లేకపోతే వెంటనే దరఖాస్తు పెట్టండి.

అసలు చిక్కు జూన్‌లో ఉంది. గొలుసు తాకట్టు పెట్టి ఫీజులకు 60,000 తెచ్చి, 12 శాతం వడ్డీతో నెలకు 5,330 చొప్పున కడుతున్నారు. మేలో అప్పు తీరుతుంది, జూన్‌లో గొలుసు మళ్లీ బ్యాంకుకు వెళ్తుంది. ఏటా దాదాపు 4,000 వడ్డీకే పోతోంది.

ఫ్రిజ్ వాయిదా 2,300 నవంబరుతో అయిపోతుందన్నారు. డిసెంబరు నుంచి ఆ డబ్బు, బియ్యం మీద మిగిలే 1,500 కలిపి బ్యాంకులో ఆరు నెలల ఆర్‌డీ (నెలనెలా కొంత చొప్పున వేసే రికరింగ్ డిపాజిట్) కట్టండి. మే చివరికి 22,800, పైన కాస్త వడ్డీ. అప్పుడు 37,000 అప్పు చేస్తే సరిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కుట్టుపని మీద అదనంగా వచ్చేదీ దీనికే పక్కన పెడితే అప్పు ఇంకా తగ్గుతుంది. ఫీజు రెండు మూడు విడతల్లో కట్టనిస్తారేమో స్కూల్లో ముందే అడగండి. జూన్‌లో అడిగితే వినరు.